కళ్ళజోడు లేని ఎలక్ట్రీషియన్

"కార్డు చూపించండి."

గుమ్మంలో నిలబడ్డ ఎలక్ట్రీషియన్ నవ్వబోయి మధ్యలోనే ఆగిపోయాడు. ఒక చెయ్యి గబుక్కున చొక్కా జేబు దగ్గరికి పోయి వచ్చింది. లోపలికి పెట్టబోయిన కాలు వెనక్కి తీసుకున్నాడు.

"ఏ కార్డండీ?"

"లైసెన్సు కార్డు. మీరు ఎలక్ట్రీషియనేనని నాకెలా తెలుస్తుంది?"

"మీ అమ్మగారే ఫోన్ చేశారండీ. వాషింగ్ మెషీను ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంటోందని."

"ఫోన్ చెయ్యడం అమ్మ పని, కార్డు చూడటం నా పని. మా ఇంట్లో అలా పంచుకున్నాం."

వంటగదిలోంచి అమ్మ కేకేసింది. "పండూ, వానలో నిలబెట్టకే పాపం!"

పండు కదల్లేదు. నాన్న ఉన్నప్పుడు నీళ్ళ మోటారు చెడిపోతే, తెలిసినవాళ్ళు పంపారని ఒక మనిషిని లోపలికి రానిచ్చారు. పని ఎక్కడ నేర్చాడో, లైసెన్సు ఉందో లేదో ఎవరూ అడగలేదు. మర్నాడు పొద్దున "మోటారు వేసి ఇప్పుడే వస్తా" అని పెరట్లోకి వెళ్ళిన నాన్నకు షాక్ కొట్టింది. మళ్ళీ రాలేదు. అప్పట్నుంచీ ఇంట్లోంచి ఎవరు బయల్దేరినా అమ్మ గుమ్మంలో నిలబడి, కనుమరుగయ్యేదాకా చూస్తుంది. వెళ్ళేవాళ్ళను అమ్మ చూస్తుంది. వచ్చేవాళ్ళను పండు చూస్తుంది.

అతను సంచిలోంచి కార్డు తీసిచ్చాడు. పండు గడువు చూసింది. లైసెన్సులిచ్చే ఆఫీసుకు ఫోన్ చేసి రిజిస్ట్రేషన్ నంబరు చదివింది. ఇళ్ళ వైరింగుకు అనుమతి ఉందా అనీ అడిగింది. ఉందన్నారు.

"పెళ్ళిచూపుల్లో కూడా ఇన్ని ప్రశ్నలు అడగలేదండీ."

"అయ్యాయా?" పండు నోరు జారింది.

"మా అన్నయ్యవి లెండి."

పండు చటుక్కున కార్డులోకి తలదించుకుంది. అక్కడ దొరికింది అసలు విషయం.

"ఫొటోలో కళ్ళజోడుంది. మీకు లేదు."

"అది... ఫొటో కోసం పెట్టుకున్నది."

కళ్ళజోళ్ళ షాపులో పనిచేసే పిల్లతోనా ఆ మాట! "ఆ గోడమీద క్యాలెండరుంది చూడండి. అడుగున ఉన్న వరస చదవండి."

"నేనొచ్చింది కరెంటు పనికండీ, కంటి పరీక్షకు కాదు."

"చదవండి."

అతను కళ్ళు చికిలించాడు. మెడ చాచాడు. "మా వద్ద... అన్ని రకముల..."

"అది పాలవాళ్ళ ఫోన్ నంబరు."

వంటగదిలో అమ్మ నవ్వు వినపడింది. పండు నవ్వలేదు. "ఏ వైరు ఏదో కనపడని మనిషిని మెయిన్ బోర్డు దగ్గరికి పంపించను. కళ్ళజోడు పెట్టుకుని రండి."

"సరేనండీ. వెళ్తాను." అతను కార్డు తీసుకుని గొడుగు విప్పాడు.

అమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "పంపేశావా? మంచివాడిలా ఉన్నాడే. మళ్ళీ వస్తానన్నాడా?"

అనలేదు. పండు తలుపు వేసింది. వేశాక మనసు ఉండబట్టలేదు. మధ్యలో ఆగిపోయిన ఆ నవ్వు ఇంకా గుమ్మంలోనే ఉన్నట్టుంది. కిటికీ తెర పక్కకు లాగి చూసింది.

అతను వీధి చివరకు వెళ్ళడం అటుంచి, గేటు కూడా దాటలేదు. గొడుగు చంకలో పెట్టుకుని జేబులోంచి ఏదో తీసి, దానికి నల్లటేపు చుడుతున్నాడు. కాసేపటికి మళ్ళీ తలుపు తట్టాడు. ముక్కుమీద కళ్ళజోడు, అద్దాల నిండా వాన చినుకులు, ఒక కాడకు బండగా చుట్టిన ఇన్సులేషన్ టేపు.

ఇప్పుడు గుర్తుపట్టింది పండు. "మీరు మా షాపుకొచ్చారు కదూ?"

"ఇది మీరిచ్చిందేనండీ. చొక్కా జేబులో పెట్టకండి, కాడ విరుగుతుందని చెప్పారు."

"పెట్టారా?"

"పెట్టాను. విరిగింది. అయినా ఎలాగోలా నిలబెట్టుకుని వచ్చాను. తలుపు తీసింది మీరని చూడగానే తీసి జేబులో దాచేశాను."

"నేనేమైనా కరుస్తానా?"

"సిగ్గేసింది." అతను గొడుగు పిడి వంక చూస్తూ అన్నాడు. "మీరు కనపడతారని రోజూ మీ షాపు మీదుగానే పనికెళ్తున్నాను. దారి కాకపోయినా. ఈ అవతారంతో మీకెలా కనపడను?"

పండు అతని కళ్ళజోడు తీసి, చున్నీ కొసతో అద్దాలు తుడిచి, మళ్ళీ చేతికిచ్చింది. "లోపలికి రండి."

అతను మెయిన్ ఆపి, మెషీను వెనక ప్లగ్గు బోర్డు విప్పాడు. "ఎర్త్ వైరు దేనికీ కలపలేదండీ. ఊరికే గోడలోకి తోసేశారు. ఎవరు చేశారు ఇది?"

అమ్మ మెల్లగా కుర్చీలో కూలబడింది. ఆ మోటారు మనిషే ఈ ప్లగ్గూ బిగించి వెళ్ళాడు. అతను కొత్త వైరు లాగి, బిగించి, మెయిన్ వేసి, మెషీను ఒంటికి టెస్టర్ ఆనించాడు. వెలగలేదు. అప్పుడు అరచెయ్యి చాచాడు.

"వద్దు!" పండు అతని చొక్కా చెయ్యి పట్టేసుకుంది.

"టెస్టర్ వెలగలేదు, చూశారుగా."

"చూశాను. కార్డు చూశాను, ఆఫీసులోనూ అడిగాను. అయినా వద్దు."

అతను చెయ్యి లాక్కోలేదు. "నాకు రోజూ ఇదే పనండీ. ఇంత భయమైతే ఎలా?"

"పనయ్యాక షాపు దగ్గరికొచ్చి కనపడండి."

"రోజూనా?"

"రోజూ."

"మీ ఓనరుకు ఏమని చెప్పను?"

"కాడ విరిగిందని చెప్పండి."

"రోజూ ఎలా విరుగుతుందండీ?"

"చొక్కా జేబులో పెట్టుకోండి."

గుమ్మంలో ఆగిపోయిన నవ్వు అప్పుడు పూర్తయింది. అతను అరచెయ్యి మెషీను మీద ఆనించాడు. ఏమీ కాలేదు. పండు తన చెయ్యి పక్కన పెట్టింది. చివరికి అమ్మ కూడా లేచొచ్చి, వేళ్ళ కొసలు ఆనించి, తర్వాత చెయ్యంతా పెట్టింది.

"లైసెన్సు చూశావు, ఆఫీసుకు ఫోన్ చేశావు, కళ్ళు కూడా పరీక్ష చేశావు," అంది అమ్మ కూతురితో. "నాకింక చూడ్డానికి ఏం మిగిల్చావే? అబ్బాయ్, మీ అమ్మగారి ఫోన్ నంబరు చెప్పు నాయనా. ఫోన్ చెయ్యడం నా పని."

వాన తగ్గాక అతను సంచి భుజాన వేసుకుని "వస్తానండీ" అన్నాడు. అమ్మ అలవాటుగా గుమ్మం దాకా వెళ్ళింది. కానీ ఈసారి ఆమె వెంటనే లోపలికి వచ్చేసింది.

అతను మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడింది పండు.