గడప మీద తౌడు

తట్టు పోసిన పిల్లల కళ్లు తుడవడంలో రుమినికి సాటి వచ్చే నర్సు ఆ కొండల్లో లేదు. కాచి చల్లార్చిన నీళ్లలో దూది ముంచి, ముక్కు వైపు నుంచి చెవి వైపుకి ఒక్కసారే తుడిచేది. ఒక కంటికి వాడిన దూది రెండో కంటికి తగలనిచ్చేది కాదు. పుసులు కట్టి అతుక్కుపోయిన రెప్పలు విడగానే పిల్లలకి మొదట కనిపించేది ఆమె ముఖమే. ఆ ముఖం చూసి కాస్త జడుసుకునేవాళ్లు కూడా. చెయ్యి ఎంత మెత్తనో నోరు అంత గయ్యాళిది మరి.

జావా కొండల్లో, తేయాకు తోటల నడుమ ఉన్న చిన్న ఆసుపత్రి అది. ఆ వానాకాలం వార్డు నిండా తట్టు పిల్లలే. వెలుతురు కళ్లలో గుచ్చుకుంటుందని కిటికీలకి పాత లుంగీలు కట్టారు. లోపల ఎప్పుడూ మసక చీకటే. ఫినాయిలు వాసన, జ్వరం వాసన, వాటి మీద తల్లులు చాటుగా పిల్లల ఒంటికి పూసే లేత మొక్కజొన్న ముద్ద వాసన.

"ఎవతే ఇది పూసింది? పిల్ల వీపు మీద గారెలు వేస్తున్నావా? పోయి గోరువెచ్చటి నీళ్లు పట్టుకురా, కడుగుతాను."

"తట్టు పోసినప్పుడు నీళ్లు తగలకూడదంటారు సిస్టరమ్మా..."

"అనేవాళ్లని తీసుకొచ్చి ఈ మంచం మీద పడుకోబెట్టు. వాళ్లకీ కడుగుతాను."

తల్లులు నవ్వేవాళ్లు. తిట్టించుకుంటూనే ఆమె మీద ప్రాణాలన్నీ పెట్టుకునేవాళ్లు.

అందరికంటే ఎక్కువ నమ్మింది తుమిరా. తేయాకు కోసే మనిషి. ఆమె కూతురు వెనింగ్ వార్డుకి వచ్చేసరికి ఊపిరి అందక రొప్పుతోంది. మందులు పడుతున్నాయి, పిల్ల మాత్రం తేరుకోవడం లేదు. ఒకరోజు తుమిరా, అక్కడ పేరు పెట్టేటప్పుడు పంచే ఆనవాయితీ ప్రకారం, తాటిబెల్లం వేసిన ఎర్ర జావ, వెయ్యని తెల్ల జావ కాచుకొచ్చి వార్డులో అందరికీ పంచింది.

"పిల్లకి పేరు బరువైపోయిందమ్మా, మార్చేశాం. ఇకనుంచి ఇది కెరికిల్. పాత పేరు ఎవరూ నోట రానివ్వకండి."

కెరికిల్ అంటే గులకరాయి. రుమినికి నవ్వాగలేదు. "రేపు పెళ్లిచూపుల్లో ఏమని చెప్తావే? మా గులకరాయి వచ్చిందండీ అనా?"

"రాయిని ఎవరూ ఎత్తుకుపోరు కదా సిస్టరమ్మా."

"ఎవరే ఎత్తుకుపోయేది?"

తుమిరా కిటికీ వైపు చూసి గొంతు తగ్గించింది. "ఒకటుంది. మునిమాపు వేళ బయట నుంచి పేరు పెట్టి పిలుస్తుంది. అన్నం చల్లారిపోతోంది, రావే అని. పిల్ల పలికిందా, ఇక అంతే. నేను ఈ మంచం పక్కనే కూర్చుని ఉన్నాను సిస్టరమ్మా. బయట వినిపించింది నా గొంతు."

రుమిని పెదవి విరిచి, మందు చుక్కలు లెక్కపెట్టుకుంటూ వెళ్లిపోయింది. పిల్ల మాత్రం కోలుకుంది. జ్వరం దిగింది. దద్దురు నల్లబడి, తట్టు తగ్గేటప్పుడు రాలినట్టే ఒంటి మీద నుంచి తౌడులా పొట్టు రాలసాగింది. కొత్త పేరుతో పిలిస్తే మొదట్లో తికమకపడి చూసేది. 'నువ్వే, పలుకు' అని పెద్దవాళ్లు నాలుగుసార్లు చెప్పాక బుద్ధిగా పలకడం నేర్చుకుంది. చెప్పిన మాట వినే పిల్ల. అదే దాని ఖర్మ.

రుమినికి ఒక్కతే కూతురు, గెందిస్. తండ్రి లేడు, ఇంట్లో చూసేవాళ్లు లేరు. బడి అయ్యాక వార్డు మూలనే కూర్చుని పాఠాలు రాసుకునేది. కొండ మీది పిల్లలందరికీ టీకా వేసిన రుమిని, సొంత పిల్లకి ఆరోజు ఒళ్లు వెచ్చగా ఉందని వాయిదా వేసింది. ఆ వాయిదా అలాగే ఉండిపోయింది. పక్కింటి పిల్లల విషయంలో అయితే తల్లిని చెడామడా తిట్టి ఉండేది.

గెందిస్ చెవి వెనక ఎర్రటి దద్దురు కనిపించిన రోజు ఆమె ఎవరినీ తిట్టలేదు.

కూతుర్ని కెరికిల్ పక్క మంచం మీద పడుకోబెట్టింది. దద్దురు మెడ మీదికి, ఛాతీ మీదికి దిగింది. తర్వాత నెమ్ము చేసింది. ఊపిరి తీసినప్పుడల్లా డొక్కలు లోపలికి పోతున్నాయి. సూదులు పనిచెయ్యలేదు. పట్నం ఆసుపత్రికి తీసుకెళ్దామంటే ఏరు పొంగి వంతెన మునిగిపోయింది. ఈ పిల్ల తెల్లారేదాకా ఉండదని రుమినికి తెలుసు. ఎంతమంది పిల్లల్ని చూసిందో, అంత బాగా తెలుసు.

ఆ సాయంత్రం తుమిరా తువ్వాలు భుజాన వేసుకుని వచ్చింది. రేపో మాపో ఇంటికి వెళ్లిపోతామన్న సంతోషం ముఖంలో దాచుకోలేకపోతోంది.

"స్నానం చేసి నమాజు చేసుకుని వస్తాను. దాన్ని కాస్త చూస్తుండండి. మీరున్నారంటే నాకు దిగుల్లేదు."

తుమిరా వెళ్లింది, ఆమె వెనకే మిగతా తల్లులూ వెళ్లారు. మిగతా పిల్లలు జ్వరం మగతలో ఉన్నారు. మసీదు పిలుపు అయిపోయింది. కరెంటు దీపం సన్నగిల్లి ఎర్రబడింది. బయట కప్పలు అరుస్తున్నాయి.

ఉన్నట్టుండి కప్పలు ఆగిపోయాయి.

తడి మట్టి వాసన పోయింది. దాని చోట వేడి అన్నం వాసన వచ్చింది... అప్పుడే గంజి వార్చినట్టు. ఆసుపత్రిలో ఆ వేళ పొయ్యి వెలిగించరు.

"గెందిస్..."

కిటికీ బయట నుంచి. చాలా దగ్గర నుంచి.

"గెందిస్... రావే... అన్నం చల్లారిపోతోంది..."

అది రుమిని గొంతే. వార్డులో తల్లుల్ని అదలించే గొంతు, ఇంట్లో కూతుర్ని ముద్దుచేసే గొంతు, రెండూ అందులో ఉన్నాయి. మంచం మీద గెందిస్ పెదవులు కదిలాయి. పలకబోతోంది.

రుమిని అరచేత్తో కూతురి నోరు నొక్కేసింది.

"ఆ పేరు గల పిల్ల ఇక్కడ లేదు," అంది గుసగుసగా.

గాలి లేదు. అయినా కిటికీకి కట్టిన లుంగీ మెల్లగా లోపలికి ఉబ్బింది... అవతల నుంచి ఎవరో ముఖం ఆనించినట్టు.

"మరెక్కడుంది?"

పక్క మంచం మీద కెరికిల్ మేలుకునే ఉంది. మోచేతి మీద పొట్టు గిల్లుకుంటూ రుమిని వైపే చూస్తోంది. రుమిని తుడిచిన కళ్లు అవి. ఇప్పుడు తేటగా, పుసులు లేకుండా ఉన్నాయి.

రుమిని చెయ్యి లేచింది. వేలు చాచింది.

"అదిగో. ఆ మంచం. అదే గెందిస్."

"కాదు సిస్టరమ్మా," అంది పిల్ల బిత్తరపోయి. "నేను కెరికిల్‌ని."

"మళ్లీ మార్చారే నీ పేరు. ఇప్పుడు నువ్వే గెందిస్." మందు తాగించేటప్పుడు బుజ్జగించే గొంతుతో అంది. "అమ్మ పిలుస్తోంది విను. మంచిదానివి కదూ... పలుకు."

పిల్ల ఒక్క క్షణం తికమకపడింది. తర్వాత, నేర్పినట్టే, బుద్ధిగా పలికింది.

"వస్తున్నా అమ్మా!"

లుంగీ వెనక్కి పడిపోయింది. కప్పలు మళ్లీ అందుకున్నాయి.

తుమిరా తడి జుట్టుతో తిరిగి వచ్చేసరికి పక్క మంచం మీద పిల్ల చల్లబడిపోయి ఉంది. ఈ మంచం మీద గెందిస్ హాయిగా ఊపిరి తీస్తోంది. తుమిరా ఏడ్చి ఏడ్చి, చివరికి రుమిని రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది.

"మీరు పక్కనుండగా పోయింది సిస్టరమ్మా. ఒంటరిగా పోలేదు. నాకదే చాలు."

రుమిని చేతులు లాక్కోలేదు. లాక్కుంటే అనుమానం వస్తుందని భయపడింది.

గెందిస్ కోలుకుని ఇంటికి వచ్చింది. తింటుంది, బడికి వెళ్తుంది, నవ్వుతుంది. కానీ ఆ పేరు పెట్టి పిలిస్తే తల తిప్పదు. తల్లిని అమ్మా అనదు. "సిస్టరమ్మా, ఆకలేస్తోంది" అంటుంది, వార్డులో పిల్లలు అడిగినట్టు. జ్వరం దెబ్బకి అలా అవుతుందిలే అని రుమిని సర్దిచెప్పుకుంది. బుజ్జీ, ఒసే, చిట్టీ అంటూ నెట్టుకొచ్చింది.

ఒక మునిమాపు వేళ వీధిలో తల్లులందరూ పిల్లల్ని లోపలికి పిలుస్తున్నారు. ఆ వేళకి పిల్లలెవరూ బయట ఉండకూడదు. మెట్ల కింద గెందిస్ చెప్పులు కనిపించలేదు. ఇంకా ఆడుకుంటోందనుకుని, రుమిని అలవాటుకొద్దీ కేక వేసింది.

"గెందిస్! రావే, అన్నం చల్లారిపోతోంది!"

"వస్తున్నా అమ్మా!"

తేయాకు పొదల్లోంచి వచ్చింది ఆ జవాబు. ఆ గొంతు రుమినికి తెలుసు.

వెనక చాప మీద నుంచి కూతురు అడిగింది. "ఎవర్ని పిలిచారు సిస్టరమ్మా?"

రుమిని తలుపు వేసి గడియ పెట్టింది. బల్ల కూడా అడ్డం జరిపింది. బయట పాదాల చప్పుడు మెట్ల దాకా వచ్చింది... ఆగింది. తలుపు తట్టలేదు. చెప్పిన మాట వినే పిల్ల, తలుపు తీసేదాకా నిలబడే ఉంటుంది.

పొద్దున గడప బయట తౌడులాంటి సన్నటి పొట్టు రాలి ఉంది. రుమిని ఊడ్చేసింది. మర్నాడూ ఉంది. ఆ మర్నాడూ. రోజూ కూతురు లేవకముందే ఊడ్చి, ఫినాయిలు నీళ్లతో కడిగేది.

ఒకరోజు గడప శుభ్రంగా ఉంది. ఎంత వెతికినా పొట్టు లేదు. పోయింది, విసుగెత్తి పోయింది అనుకుంది రుమిని. చీపురు చేత్తో పట్టుకునే కూర్చుని, చాలా రోజుల తర్వాత హాయిగా ఊపిరి పీల్చుకుంది. పొద్దున తలుపు తీయబోయినప్పుడు గడియ వేసినట్టే ఉంది, అడ్డం పెట్టిన బల్ల పెట్టిన చోటే ఉంది.

దుప్పటి మడుద్దామని మంచం దగ్గరికి వెళ్లింది. ఆమె దిండు మీద, తల పెట్టుకున్న గుంట పక్కనే, తౌడు. ఆ తౌడులో తడి దూది ఉండలు రెండు ఉన్నాయి, ఒక్కో కంటికి ఒకటి.