జింకలు ఎటు పరిగెత్తాయి

శనివారం పొద్దున్నే ఆర్లీన్ పొయ్యి మీద గుడ్లూ, జింక సాసేజీ వేయిస్తోంది. మొగుడు విర్లిన్ ఊరి సభలో చదవాల్సిన కాగితాన్ని మూడోసారి కొట్టేసి మళ్లీ రాస్తున్నాడు. ఉమ్మడి అడవిలో జింకల వేట ఉంచాలా, ఆపాలా అని పదింటికి సభలో చేతులెత్తించి తేలుస్తారు. మా విస్కాన్సిన్‌లో వేట వారంలో పెళ్లి పెట్టుకుంటే పెళ్లికొడుకు కూడా రాడు. అలాంటిచోట వేట ఆపమని అర్జీ పెట్టింది విర్లిన్ సొంత కూతురు మారిట్.

మారిట్ బడి బస్సు నడిపేది. నిరుడు వేట రెండో రోజున తన కారుకి జింక అడ్డం దూకి, కారు కాలవలో పడి, మోచెయ్యి విరిగింది. ఎముక అతికింది గానీ మనిషి మళ్లీ స్టీరింగు పట్టలేదు. ఎక్కడికైనా తల్లే తీసుకెళ్లాలి. సోమవారం బస్సెక్కకపోతే ఆ పని ఇంకొకరికి ఇచ్చేస్తామన్నారు బడివాళ్లు.

"తుపాకులకి బెదిరే కదా నాన్నా అవి రోడ్డెక్కేది?" అంది మారిట్, కాఫీ కప్పు పట్టుకుని వంటింట్లో అటూ ఇటూ తిరుగుతూ.

"వేట ఆపి చూడు, మంద రెండింతలవుతుంది. ఏడాది పొడుగునా కార్లని గుద్దుతాయి. అయినా ఇది వాటికి జతకట్టే కాలం. తుపాకీ ఉన్నా లేకపోయినా ఒళ్లు తెలీకుండా పరిగెడతాయి."

"అయితే నాది ఖర్మంటావు."

"కాస్త నెమ్మదిగా వెళ్లాల్సిందంటాను."

కప్పు బల్లమీద దభీమని పడింది. "నెమ్మదిగానే వెళ్లాను! పదకొండేళ్లు ఊరి పిల్లల్ని మోశాను, ఒక్కడి మోకాలు గీరుకోలేదు. కళ్లు మూస్తే అదే కనిపిస్తోంది నాన్నా. నేనే చూసుకోలేదేమో! ఆ రోజు వెనకాల పిల్లలుండుంటే?"

విర్లిన్ తల కాగితంలోకి దూర్చేశాడు. ఆర్లీన్ పొయ్యి ఆపేసింది.

"ఏడాదిగా అడగాలనుకుంటున్నా, చెప్పు. ఆ రోజు జింకల్ని ఎటు తోలించావు?"

మావాళ్లు పదిమంది వరసగా నడుస్తూ, కేకలేస్తూ జింకల్ని తుపాకులవైపు తోలుతారు. రోడ్డుకి వీపు పెట్టి ఎగువకే తోలాలన్నది విర్లిన్ తండ్రి నాటి కట్టడి. నిరుడు ఆ వరసకి పెద్ద విర్లినే.

"మోకాళ్లు మొరాయించాయే," అన్నాడు చివరికి. "కొండెక్కలేనని చెప్పడానికి సిగ్గేసింది. అందర్నీ బండ్లలో పైకి తీసుకెళ్లి, అక్కణ్ణుంచి దిగువకి తోలించాను. రోడ్డువైపు. మూడు తుపాకులకి దొరక్కుండా రోడ్డుకేసి పోయాయి. కాసేపటికి బ్రేకుల చప్పుడు వినిపించింది."

మారిట్ కుర్చీలో కూలబడింది.

"తెలిసి కూడా నన్ను నెమ్మదిగా వెళ్లాల్సిందన్నావా?"

"తప్పు నీదైతే నాది కాకుండా పోతుందనుకున్నాను తల్లీ."

ఆ మాటకి ఎవరికైనా ఒళ్లు మండాలి. మారిట్‌కీ మండింది. కానీ ఏడాదిగా గుండెమీదున్న బరువు అప్పుడే దిగడంతో కోపం కంటే ముందు ఏడుపు వచ్చేసింది. ఆర్లీన్ కూతురి తల పొట్టకేసి హత్తుకుని మొగుడివైపు చూడకుండా నిలబడింది.

"వేట ఆపమని నేను అనలేను," అన్నాడు విర్లిన్, రాసిందంతా ఉండచుట్టి. "రోడ్డుకేసి తోలకూడదని మాత్రం చెప్తాను. తోలింది నేనేనని కూడా, అందరిముందూ."

"చెప్పు. నా అర్జీ నేనూ చదువుతాను," అంది మారిట్ ముక్కు తుడుచుకుంటూ.

ముగ్గురూ బయటికొచ్చారు. ఆర్లీన్ సంచిలోంచి తాళాలు తీసింది.

"ఇలా ఇవ్వమ్మా," అంది మారిట్.

ఆర్లీన్ తాళాలు కూతురి చేతిలో పెట్టింది. విర్లిన్ దొంగలా వెనకసీటు తలుపు తీయబోయాడు.

"అక్కడ కాదు, ముందు కూర్చో నాన్నా," అంది మారిట్. స్టీరింగు ముందు కూర్చుని దాన్ని రెండు చేతులా పట్టుకుంది. "నీ వైపు పొదలు నువ్వు చూడు. నా వైపు నేను చూసుకుంటాను."

విర్లిన్‌కి కన్నీళ్లతో కళ్లు మసకబారాయి. పొదలు కనిపించడం కోసం గబగబా తుడుచుకున్నాడు.