చివరి కంప్యూటర్‌లోని ఇళ్ళు

మా కాలేజీ మ్యాపుల గదిలో కిటికీ పక్కనున్న చివరి కంప్యూటర్‌కి మంచి పేరు లేదు. పగలు కూడా దాని ముందు కుర్చీ ఖాళీయే. చీకటి పడితే ఇక చెప్పక్కర్లేదు. అందులో మ్యాపు తెరిస్తే ఉన్న ఇళ్ళు మాయమవుతాయని, లేని ఇళ్ళు లేస్తాయని పిల్లలు చెప్పుకుంటారు. ఒకడు భయపడి బ్యాగు వదిలేసి పారిపోయాడు. వారం రోజులు ఆ బ్యాగు నేనే దాచాను. తీసుకుపోతూ ఒక్క మంచి మాట కూడా అనలేదు వాడు.

ఇరవై ఆరేళ్ళుగా ఆ గది తాళాలు నా దగ్గరే. దెయ్యమైనా సరే, నా గదిలో కూర్చుంటే లేచేటప్పుడు కుర్చీ లోపలికి జరిపి పోవాల్సిందే.

గొడుగమ్మాయి జరిపేది. అందుకే నాకు గుర్తు. ఎండైనా వానైనా చేతిలో గొడుగు, పక్కన మాత్రం ఎవరూ ఉండేవారు కాదు. మూడు నెలలు వాగు గట్టున ఒక్కతే ఇల్లిల్లూ తిరిగింది. ఏ ఇంట్లో ఎందరుంటారో అడిగి, మ్యాపులో ఇంటికో చుక్క పెట్టింది. రెండొందల పన్నెండు ఇళ్ళు. అవతలి గట్టుకి కూడా దాటి చూసిందట. అన్నీ రాళ్ళే.

ఆ మ్యాపుతోనే పరీక్ష, పొద్దున పదింటికి. అప్పటికే ఒకసారి తప్పింది. చదివించేది వాళ్ళక్క. "ఈసారి కూడా పోతే ఇంక నా వల్ల కాదే" అని చెప్పేసిందట.

పరీక్ష ముందు రాత్రి గదిలో ఆమె ఒక్కతే. రోజూ కూర్చునే మూడో కంప్యూటర్ తెర ఠప్పున ఆరిపోయింది. మిగతావన్నీ అప్‌డేట్ అంటూ గిర్రున తిరుగుతున్నాయి. ఇక మిగిలింది... చివరిది.

తర్వాత జరిగింది ఆమె చెప్పిందే చెప్తున్నాను.

పెన్‌డ్రైవ్ పెట్టి మ్యాపు తెరిచింది. వాగు వచ్చింది. దారులు వచ్చాయి. ఇళ్ళు—

ఇవతలి గట్టున ఒక్కటీ లేదు.

అవతలి గట్టున ఉన్నాయి. ఆ రాళ్ళ మీద... నలభై చుక్కలు. ఒకదాన్ని నొక్కింది. ఉండేవారు— ఒక్కరు. ఇంకోటి నొక్కింది. ఒక్కరు. ఇంకోటి... ఒక్కరు.

వరండాలో ఉన్న నా దగ్గరికి పరిగెత్తుకొచ్చింది.

"తాతా... నా మ్యాపులో ఎవరో ఉంటున్నారు."

"నేనెవరికీ తాతను కాను. కుర్చీ జరిపావా?"

"తాతా!"

లోపలికెళ్ళి చూశాను. నాకు అక్షరాలు అంతంత మాత్రమే, కానీ ఆ గదిలో ఫైళ్ళు పోయి ఏడ్చినవాళ్ళని ఎంతమందిని చూశానో!

"ఇళ్ళ ఫైలు ఎక్కడ దాచావు?"

"మూడో కంప్యూటర్‌లో. మాస్టారు అందరికీ ఇచ్చిన కాగితంలో రాసినట్టే... 'నా పని' అని ఫోల్డరు, అందులో 'ఇళ్ళు'. మ్యాపు పెన్‌డ్రైవ్‌లో ఉందిగా?"

"మ్యాపంటే ఏమనుకున్నావు? చిరునామా చీటీ! సామానంతా అక్కడ వదిలేసి చీటీ జేబులో పెట్టుకొచ్చావు. ఈ కంప్యూటర్‌లోనూ అదే ఫోల్డరు, అదే పేరు. ఆ చిరునామాలో ఎవరుంటే వాళ్ళని పట్టుకొచ్చింది."

సెలవుల్లో అన్ని కంప్యూటర్లనూ తుడిచేస్తారు. చివరిదానికి నెట్ తీగ పాడై ఆ తుడుపు అందదు. ఏ పాత సోమరిపోతో వాగు గట్టు తొక్కకుండానే కుర్చీలో కూర్చుని పెట్టిన దొంగ చుక్కలవి. అందరి చేతా ఒకే పేరు పెట్టించొద్దని మాస్టారికి ఐదేళ్ళ కిందటే చెప్పాను. "ఊడ్చేవాడివి ఊడ్చుకో" అన్నాడు, పిల్లలందరి ముందు. ఆ రోజు ఆయన వేసుకున్న చొక్కా రంగు కూడా నాకు గుర్తే.

"ఇప్పుడెలా తాతా? తెర పోయిందే..."

"తెర పోతే పొట్ట పోయినట్టా?"

చివరిదాని తెర పీకి మూడోదానికి తగిలించాను. ఇళ్ళొచ్చాయి. లెక్కపెట్టుకుంది— రెండొందల పన్నెండు. వాగూ దారులూ ఇళ్ళూ మ్యాపూ అన్నీ ఒకే ఫోల్డర్‌లో వేయించి పెన్‌డ్రైవ్‌కి ఎక్కించాకే తాళం వేశాను.

"సోమరిపోతు దెయ్యం" అని నవ్వుకుంటూ వెళ్ళింది.

మర్నాడు మధ్యాహ్నం వచ్చి గుమ్మంలో నిలబడింది. పాసైందట. మొహంలో మాత్రం ఆ కళ లేదు.

పరీక్షలో మ్యాపుని గోడంత తెర మీద వేశారట. బయటి నుంచి వచ్చిన పెద్దాయన వాగు అవతల వేలు పెట్టి అడిగాడట— "ఈ ఒక్క ఇల్లేంటమ్మా?"

అప్పుడు చూసింది. రాళ్ళ మధ్య... ఒక్క చుక్క.

తెలీదంటే మిగతా రెండొందల పన్నెండూ దొంగ లెక్కే అంటారు. అక్క గుర్తొచ్చింది.

"వెళ్ళాను సార్. ఒక్కరే ఉంటారు. మంచినీళ్ళిచ్చారు" అనేసిందట. పెద్దాయన తలూపి మార్కులేశాడు.

"అబద్ధమాడావన్నమాట" అన్నాను.

గొడుగు పిడి అటూ ఇటూ తిప్పింది.

"అబద్ధమనే మొదలుపెట్టాను తాతా... చెప్తుంటే నిజంగానే గుర్తొచ్చింది. గ్లాసు అంచు సొట్టపోయి ఉంది. నీళ్ళు చాలా చల్లగా ఉన్నాయి. నేను లేస్తుంటే అడిగారు..."

"ఏమని?"

"మళ్ళీ ఎప్పుడొస్తావు— అని."