రంగేసిన చాట

పొద్దున్నే చాయ్ గ్లాసుతో ముందు గదిలోకి వచ్చిన హన్మవ్వ గోడ వైపు చూసి ఆగిపోయింది. టీవీకి పైన, మేకుకు ఆమె బీడీల చాట వేలాడుతోంది. అంచుకు ఎర్ర రంగు, లోపల పసుపు పూలు, నడుమ చిన్న అద్దం.

"మంచిగుందా అత్తమ్మా? నిన్న నువ్వు గుడికి పోయినప్పుడు చేసిన" అంది కోడలు కళ్యాణి సంబరంగా.

హన్మవ్వ చాయ్ తాగలేదు. గ్లాసు కిటికీలో పెట్టి, లోపలికి వెళ్లి మంచం మీద కూర్చుంది.

కళ్యాణి చేతికి పాత వస్తువు చిక్కిందంటే దాని పాత రూపం పోయినట్టే. కామారెడ్డిలో అద్దె ఇల్లు, కొత్త ఫర్నిచర్ కొనే స్తోమత ఎక్కడిది? పాత సామాన్ల దుకాణంలో కాలు విరిగిన బల్ల తెచ్చి టీవీ స్టాండు చేసింది. కుట్టుమిషను స్టాండు మీద చెక్క బిగిస్తే అన్నం తినే టేబులైంది. ఎక్కడ కొన్నారని ఎవరైనా అడిగితే ఆమె కాళ్లు నేల మీద నిలవవు. ఈ మధ్య పక్కింటివాళ్లు కూడా నాలుగు పాత ఇనుప కుర్చీలిచ్చి వైరుతో అల్లమన్నారు. అందులోనే ఆమె చేయి తిరగడం లేదు. అల్లింది అల్లినట్టే వదులైపోతోంది.

హన్మవ్వది లింగంపేట. ముప్పై ఐదేళ్లు ఒళ్లో ఆ చాట పెట్టుకుని బీడీలు చేసింది. మోకాళ్లు పట్టేసి కింద కూర్చోలేకపోయేసరికి, ఎనిమిది నెలల కింద కొడుకు జీవన్ తన దగ్గరికి తీసుకొచ్చాడు. వెంట తెచ్చుకున్న చాట మాత్రం అటకెక్కింది.

టిఫిన్‌కు పిలవడానికి వెళ్లిన జీవన్‌కు తల్లి చీరలు సంచిలో సర్దుతూ కనిపించింది.

"ఏందవ్వా, ఏడికి?"

"లింగంపేటకు. ఆటో పిలువు, బస్టాండుకు పోత."

"గిప్పుడేమైంది?"

"ఏం గాలే. రేపు నన్ను గూడ గిట్లనే రంగేసి గోడకు తగిలిస్తరేమో, గందుకే ముందే పోతున్న."

కళ్యాణి పరుగున వచ్చింది. "గట్లంటవేంది అత్తమ్మా! అటక మీద చెదలు పడుతదని దింపిన. నలుగురికి కనవడాలని పెట్టిన. అవతల పారేసిన్నా?"

"పని లేనిదాన్నే గోడకు పెడతరు బిడ్డా. వీని చదువు, మీ పెండ్లి, అన్నీ ఆ చాటలకెల్లి వచ్చినయే. రంగేసే ముందు ఒక్క మాట అడిగినవా?"

నిజమే, కళ్యాణి అడగలేదు. అడగాలని తోచనే లేదు. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

"అడగలే అత్తమ్మా. తప్పయింది."

హన్మవ్వ సంచి మూతి ముడేసింది. ఇద్దరి నడుమ నిలబడలేక జీవన్ ఆటో కోసం బయటికి వెళ్లాడు. సంచి పట్టుకుని వరండాలోకి వచ్చిన హన్మవ్వ అక్కడ కళ్యాణి అల్లి పెట్టిన ఇనుప కుర్చీలో కూర్చోగానే నడుము లోపలికి దిగబడింది. కళ్యాణి చేయందించి లేపింది.

"గిదేం కుర్చీ పిల్లా, ఊయల లెక్కుంది! గట్టిగ గుంజలేదా?"

"గుంజిన. అయినా జారుతుంది."

"ఒత్తి పట్టకుండ గుంజితే జారకేమైతది? బీడీకి దారం చుట్టినట్టు చుట్టి, బొటనవేలు కింద అదిమి, అప్పుడు గుంజాలె. ఇటు తే."

హన్మవ్వ ఎత్తు స్టూలు మీద కూర్చుని కుర్చీని ముందుకు లాక్కుంది. వదులుగా ఉన్న వైరంతా విప్పి మొదటినుంచి మొదలుపెట్టింది. ఎనిమిది నెలలుగా ఊరికే ఉన్న వేళ్లు రెండు వరసల్లోనే పాత వేగం అందుకున్నాయి.

"అవ్వా, ఆటో వచ్చింది!" జీవన్ గేటు దగ్గర నుంచి కేకేశాడు.

"ఆగుమను."

మూడు వరసలయ్యాయి. ఆటోవాడు హారన్ కొట్టాడు.

"పొమ్మను" అంది హన్మవ్వ, తల ఎత్తకుండానే.

కళ్యాణి లోపలికి వెళ్లి గోడ మీది చాట దించింది. అద్దం ఊడదీసి, రంగును గోటితో గీకి చూసి, చాటలో కత్తెర, వైరు చుట్టలు వేసి తెచ్చి అత్త ఒళ్లో పెట్టింది.

"రంగు పోతలేదు అత్తమ్మా."

హన్మవ్వ చాట అంచును చేత్తో తడిమింది. పసుపు పూల మీద ఒక నీటిచుక్క పడింది. కొంగుతో తుడిచేసింది.

"ఉండనియ్యి. మంచిగనే ఉంది."

"ఇప్పుడు అడుగుతున్న అత్తమ్మా. పోతవా, ఉంటవా?"

"ఇంక మూడు కుర్చీలున్నయి గద. ఇది అయినంక ఆ రెండోది ఇటు జరుపు."

జీవన్ సంచి తీసుకెళ్లి, చీరలు మళ్లీ బీరువాలో పెట్టాడు.