పరుగెత్తని గుండె

ఉదయం 9.20. ఆపరేషన్ టేబుల్ మీద బోర్లా పడుకున్న మనిషి గుండె ఆగిపోయింది.

కిడ్నీలో రాయి తీసే ఆపరేషన్. వెన్నులో సూది, నడుము కింద మత్తు. మనిషి మెలకువగానే ఉన్నాడు. అంతవరకు కబుర్లు చెబుతున్నవాడు ఉన్నట్టుండి మాట ఆపేశాడు. వెల్లకిలా తిప్పి, ఛాతీ నొక్కి, చావు నోట్లోంచి లాక్కొచ్చారు.

మధ్యాహ్నం ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. స్టేషన్‌లో ఆయన ముద్దుపేరు నత్త. నిదానంగా నడుస్తాడు. అలాగని దొంగలెవరూ ఆయన్ని దాటిపోయిన దాఖలాలు లేవు.

ఫిర్యాదు ఇచ్చింది రోగి అన్న.

"మత్తు డాక్టరే మా తమ్ముణ్ణి చంపబోయింది సార్. అరెస్ట్ చెయ్యండి! నేనే గుండె జబ్బువాణ్ణి. గుండె వేగం తగ్గించే మాత్రలు రోజూ మింగి బతుకుతున్నా. నాకెందుకు సార్ ఈ పరీక్ష?"

డాక్టరమ్మ గోడకు ఆనుకుని నిలబడింది. ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు. తప్పు ఆమెదని తేలితే ఇక జన్మలో సూది పట్టుకోనివ్వరు.

"మత్తు ఎక్కువైందా?" అడిగాడు నత్త.

"లేదండి. ఎక్కువైతే చేతులు కూడా మొద్దుబారతాయి. ఆయన ఆఖరిదాకా నా చెయ్యి గట్టిగా పట్టుకునే ఉన్నారు."

"మరి?"

"ఈ మత్తుకి బీపీ పడిపోవడం మామూలే. అప్పుడు గుండె వేగం పెంచుకుని సర్దుకుంటుంది. ఆయన గుండె పెంచుకోలేదు. ఎవరో కాళ్ళు కట్టేసినట్టు నిమిషానికి నలభై దగ్గరే ఉండిపోయింది."

"ముందే ఏదైనా మాత్ర మింగి ఉంటే?"

"అలా జరగొచ్చు. అందుకే ముందే అడిగాను. ఏమీ మింగలేదన్నారు."

నత్త అన్ననీ డాక్టరమ్మనీ వెంటబెట్టుకుని రికవరీ రూమ్‌లోకి వెళ్ళాడు.

"పొద్దున ఏం మింగారు?"

తమ్ముడు అన్న వైపు చూశాడు. "ఏం లేదండి."

"సోమవారం కోర్టులో మీ సాక్ష్యం ఉందటగా?"

"మా అన్నయ్య కొడుకు కారుతో ఒకామెను గుద్ది పారిపోయాడు. నేను చూశాను."

అన్న అందుకున్నాడు. "బోడిగుండుకీ మోకాలికీ ముడిపెడుతున్నారు సార్!"

నత్త మంచం దగ్గరికి నడిచాడు. రోగి వేలికున్న, గుండె వేగం చూపే క్లిప్పు తీసి అన్న వేలికి తగిలించాడు. మానిటర్ మీద అంకె మారింది. 128.

"టెన్షన్ సార్!"

"డాక్టరమ్మా, ఈయన రోజూ మింగే మాత్ర ఒంట్లో ఉంటే గుండె ఇంత పరుగెడుతుందా?"

"పరుగెత్తదండి. హఠాత్తుగా మానేస్తేనే ఇలా ఎగబడుతుంది."

"పరుగెత్తాల్సిన గుండె పరుగెత్తలేదు. పరుగెత్తకూడనిది పరుగెడుతోంది. అందరూ తమ్ముడి గుండెనే చూశారు. అన్న గుండె వైపు ఎవరూ చూడలేదు. మీ మాత్రలు ఎవరి కడుపులోకి పోయాయండీ? మీ తమ్ముడి రక్తం ల్యాబ్‌కి పంపించాను. అది అబద్ధం చెప్పదు."

తమ్ముడే మాట్లాడాడు.

"భయం తగ్గుతుందని నాలుగు మాత్రలు నువ్వే ఇచ్చావు. నీళ్ళ గ్లాసు కూడా నువ్వే నోటికి అందించావు. బయటికి చెబితే ఆపరేషన్ ఆపేస్తారన్నావు. కళ్ళు తెరిచినప్పటి నుంచీ నువ్వు కాదులే అని నాకు నేనే చెప్పుకుంటున్నాను అన్నయ్యా."

అతని గొంతులో కోపం లేదు. నమ్మినందుకు సిగ్గు ఉంది.

"వాడు నా కన్నకొడుకురా!" అన్న తమ్ముడి చెయ్యి పట్టుకున్నాడు. "రక్తం పంచుకు పుట్టాం. క్షమించరా."

తమ్ముడు తల తిప్పేసుకున్నాడు. ఇన్‌స్పెక్టర్‌ని అడిగాడు.

"సోమవారం నన్ను కోర్టుకి ఎవరైనా తీసుకెళ్ళగలరా సార్? మా అన్నయ్య తీసుకెళ్తానన్నాడు."