చుక్కల మేస్త్రి పంతం

ఆ రోజు పొద్దున కూడా మేస్త్రి మెడ పక్కకి తిప్పి పేపరు చదువుతున్నాడు. సూటిగా చూస్తే అక్షరాల మధ్య బూడిదరంగు మచ్చ అడ్డొస్తోంది. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. ఏమీ లేనట్టు నటించేది ఆయనొక్కడే!

వీధిలో ఆయన్ని చుక్కల మేస్త్రి అంటారు. గేటుకి పూర్తి వెల్డింగ్ చేసేముందు, ముక్కలు కదలకుండా అక్కడక్కడ చుక్కలా అతికిస్తారు. ఒక చేతిలో వెల్డింగ్ కడ్డీ పట్టే హోల్డరు, ఇంకో చేతిలో ఇనుపముక్క. మరి ముఖానికి నల్లద్దం పట్టుకోవడానికి మూడో చెయ్యేదీ? అందుకని ఉత్త కళ్ళతోనే టప్పున చుక్క పెట్టేస్తాడు. ముప్పై ఏళ్ళుగా అదే ఆయన గొప్ప. వెల్డింగ్ షెడ్డులో తనతో పనిచేసే కూతురికీ అదే నేర్పాడు.

ఆ కూతురు ఇప్పుడు గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"నాన్నా, ఇవాళ్టి నుంచి నల్లద్దం టోపీ పెట్టుకోకుండా మంట వెలిగించడానికి వీల్లేదు."

"నిన్న నన్ను లాక్కెళ్ళి చూపించావే, ఆ కళ్ళ డాక్టరు నీ బుర్ర బాగా తిన్నట్టున్నాడే! చుక్కలు పెడితే రాత్రికి కళ్ళు మండుతాయి, తెల్లారేసరికి తగ్గిపోతాయి. నాకు తెలీదా?"

"మండేది పైపొర. కంటి లోపలి తెర రెటీనాకి నొప్పి తెలీదు, అక్కడే మోసపోయాం. ఆ నీలి వెలుగు పడ్డప్పుడల్లా అక్కడి కొవ్వు ఆక్సిజన్‌తో కలిసి పాడైపోతుందట. ఇనుముకి తుప్పు పట్టినట్టే అనుకోమన్నాడు. కొంతవరకు ఒళ్ళే బాగుచేసుకుంటుంది. రోజూ వంద చుక్కలు పెడితే ఎంతకని చేసుకుంటుంది?"

"నా కన్ను, నా ఇష్టం! ఆ డబ్బా తగిలించుకుంటే అంతా చీకటి. గురెలా చూడను?"

"ఇప్పటి టోపీల్లో అద్దం మంట రాజుకోగానే దానంతటదే నల్లబడుతుంది, అప్పటిదాకా గురి కనిపిస్తుంది. చేతులు రెండూ ఖాళీగా ఉంటాయి."

"నాకొద్దు. అడ్డు లే!"

వంటింట్లోంచి భార్య విసురుగా బయటికొచ్చింది. "ఇంకా ఎందుకే దాస్తావు? చూపించెయ్."

కూతురు సంచిలోంచి రెండు స్కానింగ్ కాగితాలు తీసి ఆయన ఒళ్ళో పెట్టింది. ఆయన మెడ తిప్పి, కాగితాలు దగ్గరికి లాక్కుని చూశాడు. రెండింట్లోనూ మధ్యలో మచ్చ ఉంది. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది.

"చిన్నది ఎవరిదే?"

"నాది. ఇకనైనా జాగ్రత్తపడితే సర్దుకోవచ్చట. నీది తగ్గదు నాన్నా, ఉన్న చూపు నిలబెట్టుకోవడమే."

మేస్త్రి ఆ చిన్న మచ్చని వేలితో తడిమాడు. "నేనేగా నేర్పింది... అద్దం ఎందుకే పిరికిదానా అని నవ్వింది నేనేగా..." అంటూ చిన్నపిల్లాడిలా బావురుమన్నాడు.

"నిన్ను ఏడిపించడానికి చూపించలేదు. పనికి మీ ఇద్దరి కళ్ళూ కావాలి," అంది భార్య, కళ్ళు తుడుచుకుంటూ.

ఆయన ముఖం తుడుచుకుని ఫోను తీసి, గేటు కోసం తొందరపెడుతున్న ఆసామికి చేశాడు.

"అయ్యా, మీ గేటు పది రోజులు ఆలస్యమవుతుంది. లేదండీ, సామానంతా ఉంది. పనే నాకు సరిగ్గా రాదు. మా అమ్మాయి దగ్గర నేర్చుకుంటున్నాను."

అప్పటిదాకా రాయిలా నిలబడ్డ కూతురికి ఆ మాటతో ఏడుపు ఆగలేదు.