పసుపు లైటు గది

బట్టల మీద అచ్చువేసే షాపుల్లో ఒక గది ఉంటుంది, అందులో పగలంటూ ఉండదు. రంగులాయన షాపులోనూ ఉండేది. ముందు గదిలో పొడవాటి బల్ల, దానిమీద గుడ్డసంచులు, టీషర్టుల గుట్టలు. వెనక గదికి కిటికీల్లేవు. ఒక తలుపు, దాని వెనక మందపాటి నల్ల తెర, లోపల పసుపు రంగు ట్యూబులైటు. చట్రానికి బిగించిన సన్నటి జాలీని స్క్రీన్ అంటారు. దానికి మందు పూసి ఆరబెట్టేది ఆ గదిలోనే. ఆ మందుకి తెల్లటి వెలుతురు పడదు. వెలుతురు తగిలినచోట రాయిలా గట్టిపడిపోతుంది, నీడ పడినచోట మెత్తగా మిగిలి నీళ్ళు కొడితే కొట్టుకుపోతుంది. అచ్చుకి బొమ్మ తయారయ్యేదే అలాగ. అందుకని లోపల స్క్రీన్లు ఆరుతుండగా తలుపూ తెరా రెండూ ఒక్కసారి తీయకూడదు. కొంప మునిగినా తీయకూడదు. ఆ షాపు రాజ్యాంగం అది.

మందు పూసేది ఆయన భార్య. ఆ గదిలో ఒక్కటే స్టూలు, పొద్దున చీకటితో వచ్చి దానిమీద కూర్చుంటే మళ్ళీ లేచేది చీకటిపడ్డాకే. అన్నం తినడం కూడా అక్కడే. ఊరికే ఉండే నోరు కాదు ఆవిడది. "ఇంకో స్టూలు తెచ్చుకుని నా పక్కన కూర్చోండి కాసేపు, అరిగిపోతారా" అని తెరచాటు నుంచి వేళాకోళమాడేది. పని తెమలనీ అనేవాడు ఈయన. పనెప్పుడు తెమిలింది గనక.

ఒళ్ళు దురద అని మొదలైంది. మందు పడలేదన్నాడు రంగులాయన, చేతులకి తొడుగులు కొనిచ్చాడు. అరచేతులు, అరికాళ్ళు ఒకటే గోక్కునేది. అరికాళ్ళతో మందు పూస్తారా ఎవరైనా? ఆ మాట అప్పుడాయనకి తట్టలేదు. అన్నం సయించడం లేదంటే గ్యాసనుకున్నారు. జాకెట్లు వదులైతే, కుర్రదానివైపోతున్నావే అని మురిసిపోయాడు కూడాను. మూత్రం టీ డికాషన్‌లా వస్తోందని సిగ్గుపడుతూ చెప్పింది. నీళ్ళు తాగమన్నాడు. సందు చివర డాక్టరు, అచ్చుపని అనే మాట చెవిన పడగానే తలెత్తి చూడకుండా అలర్జీ బిళ్ళలు రాసిచ్చాడు.

ఒక మధ్యాహ్నం ఆవిడే అడిగింది. "ఏమండీ, నా కళ్ళు ఎలాగో ఉన్నట్టున్నాయి. ఒకసారి చూడండి."

ఆయన పసుపు లైటు కింద గడ్డం పట్టుకుని చూశాడు. భేషుగ్గా ఉన్నాయి, నన్ను ముంచింది ఈ కళ్ళే కదా అన్నాడు.

"అలా కాదు. తలుపు తీసి వెలుతుర్లో చూడండి."

"స్క్రీన్లు పాడైపోతాయే. సాయంత్రం చూస్తాలే."

సాయంత్రానికి మర్చిపోయాడు.

పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందంటారు. లోకమే పచ్చగా ఉన్న గదిలో కామెర్ల మనిషి ఎవరి కంటికి ఆనుతుంది? అందులోనూ రోజూ చూసే మొహం, రోజుకింత చొప్పున రంగు మారుతుంటే అసలే తెలియదు. చివరికి బస్సులో, కిటికీ పక్క సీటులో, ముక్కూమొహం తెలియని ఒకావిడ చూసి గుండె బాదుకుంది. నీ కళ్ళేంటమ్మా అలా ఉన్నాయి, ఇంట్లో చూసేవాళ్ళే లేరా అని.

పెద్దాసుపత్రిలో చెప్పారు, పిత్తనాళంలో కాన్సర్ అని. కాలేయం నుంచి పసరు కిందికి దిగే సన్నటి గొట్టంలో పుట్టి, ఆ దారి మూసేసిందట. ఇంకాస్త ముందు తీసుకొస్తే కోసి తీసేయడానికి వీలుండేదేమో, ఇప్పుడు పాకిపోయిందన్నాడు అక్కడి డాక్టరు. వానలు తగ్గేలోపే ఆవిడ పోయింది. రంగులాయన ప్రాణం సగం ఆవిడతోనే పోయింది. మిగిలిన సగంతో షాపు తలుపులు తీశాడు.

అప్పుడు మొదలైంది ఆ చప్పుడు.

బర్... బర్... గోళ్ళతో చర్మం గీరుకునే చప్పుడు. పసుపు లైటు కింద ఒక్కడే ఉన్నప్పుడు వినబడేది. తిరిగి చూస్తే స్టూలు ఖాళీ. మందు వాసనలో కలిసి ఆవిడ తలనూనె వాసన సన్నగా వచ్చేది. మొదటిరోజు ఆయన పరుగున బయటపడ్డాడు. రెండోరోజు తెర దగ్గరే నిలబడి విన్నాడు. ఆ తర్వాత నిజం చెప్పాలంటే ఆ చప్పుడు కోసమే లోపలికి పోయేవాడు. మనిషి లేకపోతే చప్పుడైనా దక్కింది కదా అని వెర్రి ఆశ. నీకు వినబడుతోందా తల్లీ అని కూతుర్ని అడిగితే, ఆ పిల్ల ఆయన వైపు అదోలా చూసి, లోపల్నించి ఏమీ రావడం లేదు నాన్నా అనేది.

తల్లి చోటులోకి కూతురొచ్చింది. తల్లి వేసుకునే నీలం కోటు తనే వేసుకుని, ఆ స్టూలు మీదే కూర్చుని మందు పూసేది. ఒకనాడు మణికట్టు గోక్కుంటూ బయటికొచ్చింది. ఏమైందంటే, "మందు పడలేదు నాన్నా" అంది మామూలుగా.

రంగులాయన పిల్లని మళ్ళీ లోపలికి తీసుకెళ్ళి కళ్ళు చూశాడు. ఏముంది, పసుపు. గోడలు పసుపు, తన చేతులు పసుపు. అప్పుడు బుద్ధొచ్చి బయటికి రమ్మంటే, ఈ కాస్త పూసేసి వస్తానంది. మొండితనంలో అచ్చం తల్లే. భార్యని మింగింది, ఇప్పుడు దీన్ని మింగుతుందా ఈ గది? అంతే, నిశ్చయించుకున్నాడు. ఇవాళ్టి స్క్రీన్లు ఆరగానే ఈ గదికి తాళం.

వాన వెలిసిన మధ్యాహ్నం అది. రంగులాయన సంచులు మడతపెడుతున్నాడు. గది తలుపు వెనక ఆ చప్పుడు మొదలైంది. బర్... బర్... ఎప్పటిలా సన్నగా లేదు. తోలు లేచిపోయేలా ఉంది. కూతురు లోపలే ఉందనుకున్నాడు, గబగబా తలుపు తీసి లోపలికి వెళ్ళి, వెనకాల మూసి, తెర తొలగించాడు.

స్టూలు మీద కూర్చుని ఉంది. అటు తిరిగి. నీలం కోటు, ముందుకి వంగిన తల. మోచెయ్యి పైకీ కిందికీ ఆడుతోంది. ఎదురుగా గోడకి ఆనించి మందు పూసిన స్క్రీన్లు. తలనూనె వాసన.

"తల్లీ... చాలు, లే. బయటికి రా, నీ కళ్ళు చూడాలి."

మోచెయ్యి ఆగింది.

"నాన్నా."

ఆ పిలుపు బయటి నుంచి వచ్చింది. తలుపు అవతల నుంచి.

"లోపల ఎవరితో మాట్లాడుతున్నావు? కొట్టుకెళ్ళి ఇప్పుడే వస్తున్నాను నేను."

రంగులాయన తలుపు వైపు చూశాడు. స్టూలు కిర్రుమంది. నీలం కోటు భుజం కొంచెం తిరిగింది... ఇంకొంచెం. చెంప కనబడింది. ఎముకకి అంటుకుపోయిన చెంప. ఆసుపత్రి మంచం మీద చివరగా చూసిన చెంప.

"ఏమండీ..." గాలంత గొంతు. "ఇప్పుడైనా చూడండి."

పారిపోవలసిన సమయం. కానీ ఆ భయం కిందనుంచి ఏడుపు తన్నుకొచ్చింది. పిచ్చిది, ఇంకా అదే అడుగుతోంది. చచ్చిపోయి కూడా అదే అడుగుతోంది.

ఆయన తెర పట్టుకుని ఒక్క లాగు లాగాడు. కమ్మీతో సహా ఊడొచ్చింది. భుజంతో తలుపు బార్లా తోసేశాడు.

"పోనీ, స్క్రీన్లు పాడైతే పోనీ. చూస్తానే. ఇటు తిరుగు, చూస్తాను."

తెల్లటి వెలుతురు గది నిండా పరుచుకుంది. స్టూలు ఖాళీ. దానిమీద నీలం కోటు, ఎవరో ఇప్పుడే విప్పి పడేసినట్టు.

ఆయన గడప మీద కూలబడి పసిపిల్లాడిలా ఏడ్చాడు. కూతురు పరుగున వచ్చి పక్కన కూర్చుంది. ముందు దాని మొహం రెండు చేతుల్లోకి తీసుకుని వెలుతురుకి తిప్పాడు. కళ్ళు తెల్లగా ఉన్నాయి, పాలంత తెల్లగా. మణికట్టు మీద దోమకుట్టిన దద్దుర్లు రెండు, అంతే. ఆయన గుండెల మీది బండ దిగినట్టయింది.

కూతురు మాత్రం ఆయన మొహంలోకే చూస్తోంది. ఎంతకీ చూపు తిప్పదు.

"నాన్నా... నీ కళ్ళు..."

ఆయనకి అర్థం కాలేదు.

ఆ పిల్ల ఆయన చొక్కా చేతులు పైకి మడిచింది. మోచేతుల దాకా గోటి గీతలు, కొన్ని ఎండి, కొన్ని పచ్చిగా. నువ్వెప్పుడూ అడిగే చప్పుడు నీదే నాన్నా, అని చెప్పింది ఏడుస్తూ. ఏ వేళప్పుడు చూసినా గోక్కుంటూనే ఉంటున్నావు, అమ్మ పోయిన దిగులుతో అలా చేస్తున్నావనుకున్నాను, అడిగితే బాధపడతావని ఊరుకున్నాను అంది.

రంగులాయన కిందికి చూసుకున్నాడు. ఆయన కుడిచేతి గోళ్ళు ఎడమ మణికట్టు మీద ఉన్నాయి. బర్... బర్...

తెల్లారి ఆసుపత్రికి బయల్దేరారు. ముందే కనిపెట్టాం కదా, ఏం కాదు నాన్నా, అని కూతురు వందసార్లు అంది. రాత్రంతా ఏడ్చిన మొహం, అయినా గొంతు గట్టిగా పెట్టుకుంది. అది ఆటో పిలవడానికి వెళ్తే, చేతులు ఊరుకోక ఆయన పాడైన స్క్రీన్లు కుళాయి కిందికి తెచ్చాడు. నిన్న తలుపు తీసింది తీసినట్టే ఉంది, సాయంత్రం దాకా ఎండ తగులుతూనే ఉంది. అన్నీ గట్టిపడి ఉండాలి. మొదటిది రాయి. రెండోదీ రాయే.

స్టూలుకి ఎదురుగా ఉన్న పెద్ద స్క్రీన్ మీద నీళ్ళు పడగానే మందు కరిగి జారసాగింది. ముడివేసిన జుట్టు. వంగిన వీపు. ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చున్న ఆడమనిషి నీడ. అంత గట్టిగా నీడ పడాలంటే వెలుతుర్లో చాలాసేపు కదలకుండా కూర్చోవాలి. ఆయనకి భయం వెయ్యలేదు. తడిచేత్తో ఆ జాలీని, ఆ తలని నిమిరాడు. చూస్తూ కూర్చున్నావా నన్ను అన్నాడు. కళ్ళనీళ్ళూ కుళాయినీళ్ళూ కలిసిపోయాయి.

వీధిలోంచి కూతురు పిలుస్తోంది, ఆటో వచ్చింది నాన్నా, రా అని.

లేవబోయి ఆగాడు. నీళ్ళు ఇంకా పారుతున్నాయి. ఆ నీడ పక్కన మందు ఇంకొంచెం కరుగుతోంది... ఒక కాలు. ఇంకో కాలు. గుండ్రటి పైచెక్క. 

ఆవిడ పక్కనే, ఆనుకుని, ఇంకో స్టూలు. ఖాళీగా ఉంది. ఆ గదిలో ఎప్పుడూ ఉన్నది ఒక్కటే.